ఆ డబ్బు రెండో చేతికి చేరేదాకా వెళ్ళు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ప్రభుత్వం ఖర్చు పెడితే నిరుద్యోగం తగ్గుతుందా అని మొదలుపెట్టి, రెండో పేరాకే తగ్గదని తేల్చేశావు. నీ సాక్ష్యం అమెరికా. 2009లో 787 బిలియన్ డాలర్ల ప్యాకేజీ తెస్తూ, ఇది అమలైతే నిరుద్యోగం 8 శాతం దాటదని అధ్యక్షుడి సలహాదారులు అంచనా వేశారు, అక్టోబరుకల్లా అది 10 శాతానికి చేరింది. లెక్క నిజమే. కానీ వంశధార పొంగినప్పుడు గట్టుకి ఇసుక బస్తాలు వేశాక కూడా వీధిలోకి మోకాలి లోతు నీళ్ళొస్తే, బస్తాలు దండగ అంటామా? అవి లేకపోతే నీళ్ళు ఎక్కడిదాకా వచ్చేవని అడుగుతాం. ఆ ప్రశ్న నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

అమెరికా దాకా ఎందుకు, మన ఊళ్ళే చూడు. ఉపాధి హామీ 2006లో మొదటి 200 జిల్లాల్లో మొదలైనప్పుడు అందులో విజయనగరం ఉంది, శ్రీకాకుళం 2007లో చేరింది. ఎండాకాలం పొలాలు బీటలు తీసి ఉన్నప్పుడు చెరువు పూడిక పని పెడితే, అప్పటిదాకా ఇంట్లో కూర్చున్న మనిషికి కూలి వచ్చింది. అదే పని నాట్ల రోజుల్లో పెడితే రైతు మనుషులు దొరకడం లేదని మొత్తుకున్నాడు. పథకం ఒకటే, కానీ ఒక నెలలో అది కొత్త పని పుట్టించింది, ఇంకో నెలలో మనిషిని ఈ పని నుంచి ఆ పనికి మార్చింది. ఆర్థికవేత్త కీన్స్ 1936లో చెప్పినదాని ప్రాణం నాకు ఇక్కడే కనపడుతుంది: చేతులు ఖాళీగా ఉండి, సరుకు అమ్ముడుపోని కాలంలో ప్రభుత్వ రూపాయికి బలం ఎక్కువ. "తగ్గుతుందా" అని కాకుండా "ఎప్పుడు తగ్గుతుంది" అని అడిగి ఉంటే నీ వ్యాసం వేరేలా నడిచేది.

2020 లాక్‌డౌన్ సంగతి నువ్వు వదిలేయడం నాకు బాధేసింది. గుజరాత్‌లోని వేరావల్‌లో చిక్కుకున్న మన మత్స్యకారులు బస్సుల్లో తిరిగొచ్చారు, హైదరాబాద్, చెన్నై కూలీలు ఇళ్ళకి చేరారు. బడ్జెట్‌లో ఉపాధికి ఇచ్చిన 61,500 కోట్లకి కేంద్రం ఆ మే నెలలో ఇంకో 40,000 కోట్లు కలిపింది. ఆ డబ్బు లేకపోతే ఆ ఇళ్ళల్లో పొయ్యి ఎలా వెలిగేదో ఎవరినైనా అడిగావా?

ఇంకొకటి. 15 రోజుల్లో కూలి చెల్లించాలని ఉపాధి హామీ చట్టంలో రాశారు, కానీ నెలలు ఆగిన సందర్భాలు నేను చూశాను. అప్పుడు మనిషి గునపం పట్టి పని చేసినట్టే ఉంటుంది, కిరాణా కొట్టులో మాత్రం అప్పు పెరుగుతూ ఉంటుంది. కొట్టువాడు సరుకు తగ్గించి తెస్తాడు, ఆటోవాడికి కిరాయి పోతుంది. నేను చాలా ఏళ్ళు ఆఫీసు కాగితాలు చూసే రాశాను, చీపురుపల్లి దగ్గర ఒక కొట్టు ముందు కూర్చుని అప్పు ఖాతా చూసిన రోజే, కూలి మనిషి నుంచి డబ్బు అందుకునే ఆ రెండో చేతి సంగతి అర్థమైంది.

మళ్ళీ రాసే ముందు మీ ఊళ్ళో ఉపాధి పనులు చూసుకునే మేట్‌తో, నాట్లు వేయించే రైతుతో, కొట్టువాళ్ళతో మాట్లాడు. ఖాతా చూపిస్తే కూలి పడిన తేదీ, అప్పు తీరిన తేదీ పక్కపక్కన రాసుకో. పేర్లు మాత్రం రాయకు.