రోజూ పూజకు పూలు కొనక్కర్లేకుండా ఇంటి ముందు ఏ మొక్కలు పెట్టుకోవాలి?

మీరు రాసినదాన్ని బట్టి మీది 150 గజాల ఇల్లు. గేటు పక్కన గోడ వెంట మూడడుగుల మట్టి జాగా ఉంది, పైన డాబా ఖాళీ. పూజకీ, జడలోకీ ఏడాది పొడుగునా పూలు కావాలి. నర్సరీ నుంచి తెచ్చిన గులాబీలేమో రెండు నెలలు తిరక్కుండా ఎండిపోతున్నాయి. మాదీ హనుమకొండలో ఇంచుమించు అంతే జాగా. అంతకుముందు గోదావరి జిల్లాలో ఉండేవాళ్ళం కాబట్టి అక్కడి మట్టీ, ఇక్కడి బోరు నీళ్ళూ రెండూ చూశాను.

ముందు గులాబీ సంగతి మర్చిపోండి. చివర్లో చెప్తాను దాని గురించి. గులాబీ తోటలకి అందం, కానీ పూజకి ఆధారం కాదు. రోజూ పళ్ళెంలోకి పూలు రావాలంటే ఏ సేవా అడగని మొక్కలు మూడో నాలుగో నేలలో ఉండాలి. వాటి మీద మల్లె, కనకాంబరం, చామంతి వంటివి వంతుల వారీగా వచ్చిపోతుంటాయి. చాలామంది ఇది తిరగేసి చేస్తారు. సంక్రాంతి ముందు నర్సరీకి వెళ్ళి, ఆ రోజు విరగబూసి ఉన్నవన్నీ ఆటోలో వేసుకొస్తారు. శివరాత్రి నాటికి ఆ పూలు అయిపోతాయి, ఉగాదికి కుండీలు ఖాళీ.

మొక్కలు కొనేముందు ఒక ఆదివారం ఇంట్లో ఉండి ఆ మూడడుగుల జాగాలో ఎండ ఎక్కడ ఎంతసేపు పడుతోందో చూడండి. ఆరు గంటలు ఎండ పడే మూల మల్లెకి. రెండు మూడు గంటలే పడి, తర్వాత గోడ నీడ వచ్చే చోటు నందివర్ధనానికీ, కనకాంబరానికీ. అసలు ఎండే పడని చోట పూల మొక్క పెట్టకండి, తమలపాకు తీగో మరువమో పెట్టుకోండి.

నేలలో మొట్టమొదట పెట్టాల్సింది నందివర్ధనం. ఒంటిరెక్కది, ముద్దది రెండూ దొరుకుతాయి. నేనైతే ఒంటిరెక్కదే పెట్టమంటాను, ఎక్కువ పూస్తుంది. ముద్దది చూడ్డానికి బాగుంటుంది గానీ వానకి తడిసి గోధుమరంగుకి తిరుగుతుంది. కొనక్కర్లేదు కూడా. వానలు పడ్డాక పక్కింటి చెట్టు నుంచి పెన్సిలంత లావు కొమ్మ జానెడు తెచ్చి గుచ్చితే బతుకుతుంది. ఏడాదంతా ఎన్నో కొన్ని పూలు ఇస్తుంది, రోజూ నీళ్ళు పోయకపోయినా అలగదు.

దీనికి ఒకే ఒక్క శత్రువు, అది కూడా చూడముచ్చటైన శత్రువు. వానాకాలంలో ఒకరోజు పొద్దున చూస్తే చెట్టు పైకొమ్మలకి ఆకు ఉండదు, ఈనెలు మాత్రం మిగిలి ఉంటాయి. పురుగు కోసం ఎంత వెతికినా కనపడదు. పైన కాదు, కింద చూడాలి. నేల మీద నల్లటి గుళికలు పడి ఉన్న చోటికి సరిగ్గా పైన ఉన్న కొమ్మని తిప్పి చూడండి. వేలంత లావు, అచ్చం ఆకు రంగు, తోక దగ్గర చిన్న కొమ్ము. తాకితే తల లోపలికి ముడుచుకుని, మెడ మీద ఉన్న నీలం చుక్కలు రెండూ కళ్ళలాగా మనకి చూపించి భయపెడుతుంది. కుట్టదు, దురద కూడా పెట్టదు. పుల్లతో తీసి దూరంగా వేస్తే చాలు, మందు కొట్టాల్సిన పని లేదు. గన్నేరు మీదా, బిళ్ళగన్నేరు మీదా కనిపించేదీ ఇదే. కొన్నాళ్ళకి గోధుమరంగుకి తిరిగి మట్టిలోకి దిగిపోతుంది, ఆకుపచ్చా గులాబీ రంగులు కలిసిన పెద్ద రెక్కల పురుగై లేస్తుంది. మా అమ్మాయి దాన్ని చూడాలని రెండింటిని వదిలేయమంటే వదిలేశాను. చెట్టుకేం కాలేదు, పది రోజుల్లో మళ్ళీ చిగురేసింది.

రెండోది మందారం. నాటు ఎర్ర రెక్క మందారం లేదా ముద్ద మందారం పెట్టుకోండి. అరచేయంత పువ్వు పూసే హైబ్రిడ్లు కుండీలో ఫొటోకి బాగుంటాయి గానీ పూజకి రోజూ నాలుగు పూలు ఇవ్వవు. మందారానికి పిండినల్లి తప్పదు. చిగుళ్ళు ముడుచుకుపోయి తెల్లగా పిండి పట్టి కనిపిస్తుంది, మొగ్గలు విచ్చకుండానే రాలిపోతాయి. చెట్టు మీదకి చీమల బారు ఎక్కుతుంటే అప్పుడే అనుమానించాలి. ఆ పిండినల్లి వదిలే తీపి రసం కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. ముదిరిన కొమ్మ చివర్లు తుంచి సబ్బు నీళ్ళలో ముంచేయండి. మిగతా చెట్టుకి పైపుతో గట్టిగా ఆకుల అడుగు నుంచి నీళ్ళు కొట్టండి. తర్వాత లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు కలిపి, ఎండ తగ్గాక పిచికారీ చేయండి. వారానికోసారి చొప్పున మూడు నాలుగు వారాలు చేస్తేనే పోతుంది. ఒక్కసారి కొట్టి పోలేదంటే ఎలా?

గేటు పక్కన మందారం పెడితే ఇంకో చీడ ఉంది. పొద్దున్నే వాకింగుకి వచ్చేవాళ్ళు, చేతిలో ప్లాస్టిక్ కవరుతో. మీరు కాఫీ పెట్టుకుని బయటికి వచ్చేసరికి గోడ మీంచి అందినవన్నీ వాళ్ళ దేవుడికి వెళ్ళిపోతాయి. దీనికో ఉపాయం. మర్నాటికి విచ్చుకునే మందార మొగ్గ ముందురోజు సాయంత్రానికే బాగా ఉబ్బి, కొనకి రంగు తేలి కనిపిస్తుంది. అప్పుడే కోసి పళ్ళెంలో పెట్టుకుంటే తెల్లారేసరికి చెట్టు మీద విచ్చినట్టే విచ్చుకుంటుంది. పొద్దువాలాక చెట్టు ముట్టుకోకూడదని మా అత్తగారి పట్టు, అందుకని దీపం పెట్టకముందే కోసేస్తాను.

గన్నేరు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎండకీ, నీళ్ళెద్దడికీ తట్టుకుంటుంది, పశువులు ముట్టవు. కాకపోతే ఆకు, కొమ్మ, పాలు అన్నీ విషమే. పచ్చగన్నేరు గింజలైతే మరీ ప్రమాదం. పాకే పిల్లలుంటే వాళ్ళకి అందే చోట పెట్టొద్దు. వాళ్ళు పెద్దయ్యే దాకా బిళ్ళగన్నేరుతో సరిపెట్టుకుందామంటే అదీ తినకూడనిదే, కాబట్టి ఆ రెండూ పిల్లల చేతికి అందని డాబా మీదే ఉంచండి.

ఇక మల్లె. జడలోకి అన్నారు కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్తాను. "ఆకులే వస్తున్నాయి, పువ్వు లేదు" అని మల్లె గురించి విన్నంత ఫిర్యాదు ఇంకే మొక్క గురించీ వినను. దాదాపు ప్రతిసారీ కారణాలు రెండే. ఎండ చాలకపోవడం, కత్తిరించకపోవడం. మల్లె కొత్త చిగురుకే మొగ్గ తొడుగుతుంది. పాత కొమ్మలు అలాగే వదిలేస్తే అది తీగై గోడెక్కి ఆకు పెంచుకుంటుంది తప్ప మొగ్గ వేయదు.

నవంబరు రెండో వారంలో నీళ్ళు ఆపేయండి. మొక్క కాస్త వడలినట్టు అవుతుంది, కంగారు పడకండి. నెలాఖరుకి అన్ని కొమ్మలూ మోకాలి ఎత్తుకి కత్తిరించి, మిగిలిన ఆకంతా చేత్తో దూసేయండి. ఎండు పుల్లలు, సన్నపుల్లలు మొదలంటా తీసేయండి. చుట్టూ గొప్పు తవ్వి, రెండు మూడు దోసిళ్ళ మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి అప్పుడు నీళ్ళు పెట్టండి. చూసినవాళ్ళు మొక్కని చంపేశారనుకుంటారు. సంక్రాంతికి చిగుళ్ళు, ఫిబ్రవరి చివరికో మార్చికో మొగ్గలు. అక్కడి నుంచి జూన్ దాకా విడతలు విడతలుగా పూస్తుంది. ఒక్కో విడత అయిపోగానే పూసిన కొమ్మల కొసలు నాలుగు వేళ్ళు తుంచితే తర్వాతి విడత తొందరగా వస్తుంది. యూరియా మాత్రం వేయకండి, మళ్ళీ ఆకుల గోలే.

కుండీలో అయితే కనీసం అడుగున్నర వెడల్పు ఉండాలి. మొగ్గ కోయడం సాయంత్రం నాలుగింటికి. మర్నాటి మొగ్గ ఇంకా కాస్త పచ్చగా, సన్నగా ఉంటుంది, ఆ రోజు విచ్చే మొగ్గ పాలతెలుపుకి తిరిగి బొద్దుగా అవుతుంది. అదే కోయాలి. మాల కట్టి తడిగుడ్డలో పెడితే దీపాలవేళకి విచ్చుకుంటుంది. మధ్యలో ఊదారంగుకి తిరిగిన మొగ్గలు కనిపిస్తే లోపల పురుగు ఉన్నట్టు. విప్పి చూస్తే సన్నటి పురుగు రేకులు తింటూ ఉంటుంది. అలాంటివి ఏరి పారేయండి, కిందే వదిలితే మళ్ళీ పైకి వస్తాయి.

వానల్లో మల్లె తగ్గే సమయానికి సన్నజాజి అందుకుంటుంది. దానికి పందిరో, డాబా పిట్టగోడ దాకా తాడో కావాలి. కత్తిరింపు సంక్రాంతి వెళ్ళాక.

కనకాంబరానికి వాసన లేదని చిన్నచూపు చూస్తారు గానీ, ఏడాదిలో ఎక్కువ నెలలు మాల కట్టుకోగలిగేది దాన్నే. మల్లె తక్కువున్న రోజు నాలుగు మల్లెలు, గుప్పెడు కనకాంబరాలు, మధ్యమధ్య మరువం రెమ్మ వేసి కడితే సరిపోతుంది. ఒక మొక్క తెస్తే చాలు. కంకి ఎండిపోయాక కోయకుండా వదిలేయండి. తొలకరి చినుకు పడినప్పుడు దాని పక్కన నిలబడితే టప్ టప్ మని వినిపిస్తుంది. తడి తగలగానే కాయలు పేలి గింజల్ని దూరంగా విసురుతాయి, ఒక్కోసారి మొహానికి తగులుతాయి. ఆ వానాకాలంలోనే చుట్టుపక్కల మొలకలు. ఢిల్లీ కనకాంబరం అని ముదురు రంగుది ఒకటి ఉంది, అది గింజ కట్టదు, కొమ్మ నాటుకోవాల్సిందే. కనకాంబరం ఎదగకుండా, ఆకు చిన్నదై పాలిపోయి నిలబడిపోతే వేళ్ళలో నులిపురుగులు పడి ఉంటాయి. ఆ మట్టిలో ఒక పంట బంతి వేసి, తర్వాత కనకాంబరం పెట్టండి. బంతి వేళ్ళు ఆ పురుగుల్ని తగ్గిస్తాయి.

బంతి ఎలాగూ వేయాలి. జూలైలో నారు పోస్తే బతుకమ్మకీ, దసరాకీ అందుతుంది. ఆగస్టు మధ్యలో ఇంకో చారెడు చల్లితే దీపావళి గుమ్మానికి. మొక్క జానెడు అయ్యాక తల తుంచాలి, అప్పుడే పక్క కొమ్మలు వేసి గుబురవుతుంది. బజారులో కొన్న పెద్ద బంతిపువ్వు గింజలు దాచి వేస్తే అంత పువ్వు రాకపోవచ్చు, అవి ఎక్కువగా హైబ్రిడ్లు. ఊళ్ళో ఎవరింట్లోనైనా నాటు ముద్దబంతి ఉంటే ఆ గింజ అడిగి తెచ్చుకోండి.

చలికాలానికి డిసెంబరాలు, చామంతులు. డిసెంబరం కొమ్మ వానల్లో గుచ్చి మర్చిపోవచ్చు, దాని నెల రాగానే అదే పూస్తుంది. చామంతికి మాత్రం ఒక కిటుకు ఉంది, నర్సరీవాళ్ళు చెప్పరు. పగలు కురచై రాత్రి పెరిగితేనే అది మొగ్గ వేస్తుంది. రాత్రంతా వీధి దీపం వెలుగు మీద పడే చోట పెడితే దానికి చలికాలం వచ్చినట్టే తెలియదు, ఏపుగా పెరుగుతుంది తప్ప పూయదు. కుండీని నాలుగడుగులు అవతల చీకట్లోకి జరిపితే చాలు. పూలయ్యాక మొక్కని పీకేయకుండా నేలకి నాలుగు వేళ్ళెత్తున కోస్తే పిలకలు వస్తాయి. వాటిని ఎండాకాలం నీడలో కాపాడి జూన్, జూలైల్లో విడదీసి నాటుకుంటే మళ్ళీ కొనక్కర్లేదు.

పారిజాతం అడగలేదు గానీ ఎవరో ఒకరు పెట్టమంటారు మీకు. మూడడుగుల జాగాకి వద్దు. అది చెట్టవుతుంది, వానల్లో గొంగళిపురుగులు, ఏడాదంతా ఆకు ఊడ్పు. దాన్ని పెంచే ఇల్లు మీ వీధిలో ఉంటే తెల్లవారుజామున కింద రాలినవి ఏరుకోండి. రాలిన పువ్వు దేవుడికి పనికొచ్చేది దానొక్కటే కదా. నూరువరహాలు కూడా మీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఆలోచించి పెట్టండి. నీళ్ళలో సున్నం ఎక్కువైతే ఆకు పసుపుకి తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. గోదావరి పక్కన కంచెలా పెరిగిన మొక్క ఇక్కడ నా దగ్గర వాన నీళ్ళు పట్టి పోస్తే గానీ కోలుకోలేదు.

ఇప్పుడు మీ గులాబీలు. మీరు ఫిబ్రవరిలో తెచ్చారు, ఎండలు ముదిరాక పోయాయి. నర్సరీలో అవి షేడ్ నెట్ కింద, రోజూ తడి తగులుతూ పెరిగినవి. మొక్కతో వచ్చే మట్టి ముద్ద చాలాసార్లు బంకమన్ను. డాబా మీద వేడికి అది ఇటుకలా గట్టిపడుతుంది. మీరు పోసిన నీళ్ళు ముద్ద చుట్టూ జారి కుండీ కింద చిల్లు నుంచి పోతాయి, వేరు మాత్రం పొడిగానే ఉంటుంది. చచ్చిన మొక్కని కుండీ నుంచి లాగి చూడండి, తెలిసిపోతుంది. పెట్టాలనే ఉంటే అక్టోబరులో తెచ్చుకోండి. వారం నీడలో ఉంచి, ముద్ద అంచుల్ని వేళ్ళతో కాస్త విదిల్చి, ఎర్రమట్టి, మాగిన ఎరువు, ఇసుక సమంగా కలిపిన మట్టిలో నాటండి. అంటు కట్టిన బుడిపె మట్టిపైనే ఉండాలి. ఆ బుడిపె కిందనుంచి లేచే చురుకైన కొమ్మని మురిసిపోయి పెంచకండి, అది అడవి గులాబీ వేరుమొక్కది, పైనున్న మంచి గులాబీని తినేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నీడ ఉండే చోటికి మార్చండి, పువ్వు కోసం ఆశపడకండి, బతికితే చాలు.

రాజమహేంద్రవరం వైపు వెళ్ళే పని ఉంటే కడియం, కడియపులంకల్లో చూడొచ్చు, రోడ్డు వెంట నర్సరీలే. కానీ మీకు కావాల్సిన వాటిలో సగం కొమ్మలు, గింజలు, పిలకలే. వానలు మొదలవగానే బంధువుల ఇళ్ళకి వెళ్ళినప్పుడు తడిగుడ్డలో చుట్టి తెచ్చుకోండి. కొనాల్సింది నిజానికి మల్లె అంటు, ఒక కనకాంబరం, చామంతి మొదటి మొక్క.

మీ గేటు ఏ దిక్కుకి ఉందో, వీధి దీపం ఎటువైపు ఉందో రాయండి. మల్లె ఏ మూల, చామంతి కుండీలు ఎక్కడ అన్నది అప్పుడు చెప్పగలను.