విజయవాడ దగ్గర చలికాలం అడవి నడకలు: గైడ్ అవసరమా? నాన్నగారిని, పాపను తీసుకెళ్లొచ్చా?

మీరు మూడు విషయాలు అడిగారు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల డిసెంబరు, జనవరి నెలల్లో గైడ్ వెంట నడిచే ట్రెక్‌లు ఉన్నాయా? అరవై దాటిన నాన్నగారు, పదేళ్ల పాప నడవగలరా? ఆ ముళ్లకంపల్లో చూడటానికి ఏముంటుంది, మనమే వెళ్లి వచ్చేస్తే సరిపోదా? మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. అది తేలితే మిగతా రెండూ సులువు.

మాది ఇబ్రహీంపట్నం. కృష్ణానది కొండల మధ్య నుంచి వచ్చి మైదానంలోకి దిగేది ఈ చుట్టుపక్కలే. కుడి ఒడ్డున ఉండవల్లి, సీతానగరం కొండలు, ఎడమ ఒడ్డున ఇంద్రకీలాద్రి, కాస్త ఎగువన కొండపల్లి అడవి. చలికాలంలో ఈ అడవి పైపైన చూసేవాళ్లకు నిజంగానే ఏమీ ఇవ్వదు. ఆకు రాలే అడవి కాబట్టి సంక్రాంతి నాటికి సగం కొమ్మలు బోడిగా ఉంటాయి. గడ్డి ఎండి పసుపు రంగుకు తిరుగుతుంది. సొంతంగా వెళ్లినవాళ్లు పైదాకా ఎక్కి, థర్మల్ స్టేషన్ చిమ్నీలు కనపడేలా ఫొటో దిగి వచ్చేస్తారు. వాళ్లను తప్పు పట్టలేం, చెప్పేవాళ్లు పక్కన లేరు.

మొదటిసారి మమ్మల్ని నడిపించిన పెద్దాయన అక్కడి ఊరివాడే. వయసులో ఉన్నప్పుడు ఆ కొండల్లో మేకలు కాశాడు. అందరం ఆయన్ని బాబాయి అనేవాళ్లం. దారి పక్కన ఒక చెట్టు కింద ఆగి, రాలిన ఆకు ఒకటి తీసి తిరగేశాడు. వెడల్పాటి ఆకు, అడుగున తెల్లటి నూగు. విరిగి పడి ఉన్న కొమ్మ మీద బొటనవేలి గోరు నొక్కితే గాటు పడింది. "ఇదేనమ్మా తెల్ల పొణికి, మీ ఇంట్లో బొమ్మ దీనిదే" అన్నాడు. దశావతారాలు, ఏనుగు అంబారీ, ఎడ్లబండి, మా ఇంటి షోకేసులో ఏళ్ల తరబడి ఉన్న కొండపల్లి బొమ్మలన్నీ ఈ చెట్టువే. అంత తేలిక కర్ర కాబట్టే బొమ్మకు పనికొస్తుంది. చేతులు, కాళ్లు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఇన్నేళ్లు ఆ బొమ్మల మధ్య పెరిగి, ఆ చెట్టును నేను చూసింది ఆ రోజే.

ఇంకాస్త ముందుకెళ్లాక బాట మధ్యలో రాయి మీద ఎండిన పెంట కనపడితే అందరం ముక్కు మూసుకుని పక్కకు తప్పుకున్నాం. బాబాయి పుల్లతో విడదీసి చూపించాడు. నిండా రేగు గింజలు. నక్క రాత్రిపూట రేగుపళ్లు తిని వెళ్లిందట. గింజలు అలాగే మట్టిలో పడి మొలుస్తాయి, ఆ కొండ మీద రేగు పొదలు అంత దూరం పాకడానికి అదీ ఒక కారణం అన్నాడు. మాతో వచ్చిన పిల్లలు ఆ తర్వాత దారి పొడుగునా అడుగులు, పెంటలు, ఈకలు వెతకడంలో పడ్డారు. ఎవరూ "ఇంకా ఎంత దూరం" అని అడగలేదు. అందుకే గైడ్ ఉండాలంటున్నాను. దారి చూపించడానికి ఫోను చాలు, ఇవి చూపించడానికి మనిషి కావాలి.

ఇంకో కారణం చట్టం. కొండపల్లిది రిజర్వ్ ఫారెస్టు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం నేరం. నడకలు నిర్వహించే బృందాలు అటవీ శాఖ దగ్గర ముందే అనుమతి తీసుకుంటాయి. మీరు డబ్బు కట్టే ముందు అడగాల్సిన మొదటి మాట అదే: "పర్మిషన్ ఉందా?" సూటిగా జవాబు చెప్పకపోతే ఆ బృందాన్ని వదిలేయండి. రెండో మాట, ఎంతమంది వస్తున్నారు? యాభై అరవై మందిని ఒకేసారి తోలుకెళ్లే బృందం ఒకదానితో నేనూ వెళ్లాను. ముందు నడిచేవాడి దగ్గర బ్లూటూత్ స్పీకరు, వెనకవాళ్లకు గైడ్ గొంతు కూడా వినపడదు. ఒక్క పిట్ట కనపడితే ఒట్టు. పదిహేను మంది దాటని నడకే వెతుక్కోండి, కాస్త ఎక్కువ అడిగినా సరే.

ఇక మీ పాప సంగతి. ఆ వయసు పిల్లలకు నేను మూలపాడు చెబుతాను. హైదరాబాద్ హైవే మీద ఇబ్రహీంపట్నం దాటాక వస్తుంది. కొండపల్లి అడవి అంచునే సీతాకోకచిలుకల పార్కు, అక్కడి నుంచి లోపలికి నడకదారి. అయితే తెల్లవారుజామునే పరిగెత్తకండి. సీతాకోకచిలుక ఒంటికి ఎండ తగిలి వెచ్చబడితే తప్ప ఎగరలేదు, చలికాలంలో తొమ్మిది గంటలకు గాని అసలు సందడి మొదలవదు. అడవి జనుము మొక్కలు ఎక్కడ ఎండాయో గైడ్‌ను అడగండి. నీలి చారలవి, నారింజ రంగువి ఆ ఎండు కాయల మీద గుంపుగా వాలి కదలకుండా ఉంటాయి. అక్కడ పువ్వూ లేదు, తేనే లేదు, మరి ఎందుకు వాలినట్టు? మగవి ఆ మొక్కలోని ఒక చేదు రసాయనాన్ని పీల్చుకుని, దాంతో ఆడవాటిని ఆకర్షించే వాసన తయారుచేసుకుంటాయి. మోకాళ్ల మీద కూర్చుని అరచెయ్యి దూరం నుంచి చూస్తే సన్నటి తొండం చుట్ట విప్పి కాయ మీద తడుముతూ ఉండటం కనపడుతుంది. పాపకు చిన్న భూతద్దం కొనిపెట్టండి, నా మాట వినండి.

నాన్నగారికి మోకాళ్లు బాగుంటే కొండపల్లి కోట మంచిది. పద్నాలుగో శతాబ్దపు రెడ్డిరాజుల కోట. పైదాకా వాహనం వెళ్తుంది కాబట్టి ఎక్కే శ్రమ లేకుండా కోటంతా నెమ్మదిగా తిరగొచ్చు. నొప్పులుంటే మాత్రం పట్టుబట్టకండి, గుంటూరు పక్కన ఉప్పలపాడు తీసుకెళ్లండి. నడక దాదాపు లేదు. ఊరి చెరువులో చెట్ల మీద, వాటికోసమే పెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు కిక్కిరిసి ఉంటాయి. సాయంత్రం నాలుగున్నరకు వెళ్లి కూర్చుంటే పొలాల నుంచి తిరిగొచ్చే గుంపులన్నీ నెత్తి మీదుగా దిగుతాయి. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, బైనాక్యులర్స్‌లో అది చూపించి ఎందుకో నాన్నగారినే చెప్పమనండి. మా నాన్న పొలంలో ఈ కొంగలు నత్తల్ని తినడం చూసినవాడు కాబట్టి గైడ్ కన్నా ముందే చెప్పేశాడు.

కాస్త కష్టమైన నడక కావాలనుకుంటే కొండవీడు ఉంది. ఘాట్ రోడ్డు వదిలి పాత మెట్ల దారిన ఎక్కితే పైన ముత్యాలమ్మ, పుట్టాలమ్మ, వెదుళ్ల చెరువులు. ఇది మీ మరో ట్రిప్పుకు ఉంచుకోండి, పాప కాస్త పెద్దయ్యాక.

జాగ్రత్తల్లో ముఖ్యమైనది పాము. చలికాలంలో పాములు ఉండవన్న మాట నమ్మకండి. రక్తపింజరి జతకట్టేది ఈ నెలల్లోనే, పొద్దున ఎండకు రాళ్ల మీదకూ వస్తుంది. చూడకుండా రాతి సందుల్లో చెయ్యి పెట్టొద్దు, బండ మీద కూర్చునే ముందు కర్రతో తట్టండి. చీలమండ దాటే బూట్లు, పూర్తి ప్యాంటు తప్పనిసరి. ఉత్తరేణి కంకులు సాక్సుకు అంటుకున్నాయంటే ఊడదీయడానికి ఇంటికొచ్చాక గంట పడుతుంది, అందుకని నున్నటి గుడ్డ ఉన్న ప్యాంటు మేలు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు. పొద్దున చలిగా ఉందని తగ్గించకండి, పదకొండుకల్లా ఎండ చురుక్కుమంటుంది. తినడానికి పులిహోర, కవర్లు మాత్రం వెనక్కి తెచ్చేయండి.

సంక్రాంతి మూడు రోజులు వద్దు, కోట దగ్గర జనం, బళ్లు ఎక్కువ. డిసెంబరు చివరి వారమో, పండగ తర్వాతి ఆదివారమో చూసుకోండి. ఫిబ్రవరి సగానికి వస్తే ఎండ వల్ల నడక కష్టం, కానీ అప్పటికి మోదుగులు పూస్తాయి, ఆ ఒక్కదాని కోసం పొద్దున ఆరింటికే మొదలై తొమ్మిదికల్లా దిగొచ్చే చిన్న నడక పెట్టుకోవచ్చు. ఎవరితో మాట్లాడాలో తేలకపోతే ముందు అటవీ శాఖ ఆఫీసుకు వెళ్లి, అనుమతి ఉన్న బృందాలేవో అడగండి.