ప్రయాణికుల ఫెర్రీ మీద చిత్రీకరణ: అబ్బాయికి ఒక పెదనాన్న లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు లొకేషన్ల బాధ్యత మోస్తున్న మొదటి చిత్రంలో ముఖ్యమైన ఘట్టమంతా ప్రయాణికుల ఫెర్రీ మీద నడుస్తుందనీ, దానిని సెట్‌లో కాక నీటి మీద తిరిగే నిజమైన ఓడ మీదే తీయాలని మీ దర్శకుడు పట్టుపడుతున్నాడనీ నీ ఉత్తరంలో చదివాను. ఆయన కోరికలో అన్యాయమేమీ లేదు. ముక్కూమొహం తెలియని మనుషులు ఎదురెదురుగా కూర్చుని, అవతలి రేవు వచ్చేదాకా దిగిపోయే వీలు లేక కలిసి ప్రయాణించే చోటు కథ రాసేవాడికి అంత సులువుగా దొరకదు. 1960లో వచ్చిన ‘ది వరల్డ్ ఆఫ్ సూజీ వాంగ్’లో నాయికానాయకుల తొలి పరిచయం హాంకాంగ్ స్టార్ ఫెర్రీ మీదే జరిగింది. 1988 నాటి ‘వర్కింగ్ గర్ల్’ న్యూయార్క్‌లో స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ ఎక్కి ఉద్యోగాలకు వెళ్లే జనంతో మొదలవుతుంది. తెర మీద ఇవన్నీ తేలికగా కనిపిస్తాయి. కానీ ఫెర్రీ అనేది మనం అద్దెకు తీసుకుని తాళం వేసుకునే ఇల్లు కాదు. దానికి సొంత పని, సొంత వేళలు, సొంత చట్టం ఉన్నాయి. దృశ్యాన్ని ముందు రాసుకుని ఓడను దానికి తగ్గట్టు నడిపించాలని చూసిన యూనిట్లు ఎప్పుడూ కాల్‌షీట్లు పోగొట్టుకున్నాయి. ఓడ ప్రయాణాన్ని ముందు తెలుసుకుని దృశ్యాన్ని దానిలో అమర్చుకున్నవాళ్లు చెప్పిన వేళకు ప్యాకప్ చెప్పగలిగారు. నేను రాయబోయే సలహాలన్నీ ఈ ఒక్క మాట నుంచి పుట్టినవే.

ముందుగా తేల్చుకోవలసింది, నడుస్తున్న సర్వీసులో తీస్తారా, లేక ఓడను పూర్తిగా అద్దెకు తీసుకుంటారా అన్నది. చిన్న కెమెరాతో, ఇద్దరు నటులతో, మాటలు లేని దృశ్యమైతే సర్వీసులో తీయవచ్చు. మాటలున్నా, లైట్లున్నా, జూనియర్ ఆర్టిస్టులున్నా అద్దె ఓడే శరణ్యం. ఫెర్రీ సంస్థలు సాధారణంగా రద్దీ వేళల కోసం అదనపు ఓడను అట్టేపెట్టుకుంటాయి. రద్దీ లేని కాలంలో, లేదా వార్షిక మరమ్మతులకు డాకులోకి వెళ్లే ముందు రోజుల్లో, ఆ ఓడను అడిగితే దొరికే అవకాశం ఎక్కువ. రేవులో కట్టి ఉంచిన ఓడ మీద తీయగలిగిన షాట్లను విడిగా గుర్తించు, ఎందుకంటే ఆ జాబితా ఎంత పెరిగితే ఖర్చు, అపాయం రెండూ అంత తగ్గుతాయి.

రెక్కీకి, అంటే తీయబోయే చోటును ముందుగా చూసి రావడానికి, వెళ్లినప్పుడు సంస్థ అధికారి వెంట కాక, టికెట్టు కొనుక్కుని మామూలు ప్రయాణికుడిలా వెళ్లు. షూటింగ్ ఏ గంటల్లో ఉంటుందో ఆ గంటల్లోనే, రాకపోకలు రెండూ చెయ్యి. వెళ్లేటప్పుడు ఎండ ఏ వైపు పడుతోంది, వచ్చేటప్పుడు ఏ వైపు పడుతోంది అన్నది రాసుకో. ఇక్కడ చాలామంది ఛాయాగ్రాహకులే తికమకపడే విషయం ఒకటి ఉంది కనుక కొంచెం వివరంగా రాస్తాను. ఫెర్రీలలో రెండు రకాలుంటాయి. కొన్నింటికి ముందూ వెనుకా స్పష్టంగా ఉంటాయి. అవి అవతలి రేవు నుంచి బయలుదేరేటప్పుడు నీటిలో చుట్టూ తిరుగుతాయి. మరికొన్నింటికి రెండు కొనలూ ఒకేలా ఉండి, రెండు వైపులా చుక్కాని గదులుంటాయి. అవి తిరగకుండానే వెనక్కి బయలుదేరతాయి. స్టార్ ఫెర్రీ, స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ ఈ రెండో రకానివి. స్టార్ ఫెర్రీలో ప్రయాణికులు ఎటు వెళ్తుంటే అటు ముఖం పెట్టి కూర్చోవడానికి వీలుగా బల్లల వీపులను అటూ ఇటూ మార్చుకునే ఏర్పాటు కూడా ఉంది.

మొదటి రకం ఓడలో నటి కుడివైపు కమ్మీల దగ్గర నిలబడి మాట్లాడుతోందనుకో. తిరుగు ప్రయాణంలో కూడా ఆమె వెనుక నీరు అదే దిశలో కదులుతుంది, కానీ ఎండ అవతలి వైపుకు మారిపోతుంది, వెనుక కనిపించే తీరం కూడా మారుతుంది. రెండో రకం ఓడలో ఆ కమ్మీల దగ్గర ఎండా తీరమూ మారవు, కానీ నీరు ఎదురు దిశలో పరుగెత్తుతుంది. అంటే వెళ్లేటప్పుడు తీసిన క్లోజప్‌కూ వచ్చేటప్పుడు తీసిన క్లోజప్‌కూ ఒకచోట వెలుగు అతకదు, మరొకచోట కదలిక అతకదు. కనుక ఒక సంభాషణను ఒకే దిశ ప్రయాణాల్లో పూర్తిచేసి, తిరుగు ప్రయాణాలను తీరం కనబడని లోపలి షాట్లకూ, సామాను సర్దుకోవడానికీ వాడుకోమని దర్శకుడికి ముందే చెప్పు. ఎడిటింగ్ బల్ల దగ్గర తెలిసే సంగతి ఇది; అప్పటికి ఓడ ఉండదు.

రేవు నుంచి రేవుకు పట్టే సమయమే నీ టేకు పొడవును నిర్ణయిస్తుంది. స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ సుమారు 8.4 కిలోమీటర్ల దూరాన్ని 25 నిమిషాల్లో దాటుతుంది. స్టార్ ఫెర్రీకి పది నిమిషాలు కూడా పట్టదు. అందులో రేవు వదిలేటప్పుడూ, రేవు పట్టేటప్పుడూ ఇంజను శబ్దం, అదురు పెరుగుతాయి గనుక మాటలకు పనికొచ్చేది మధ్య భాగం మాత్రమే. ప్రయాణం చిన్నదైనంత మాత్రాన దృశ్యం చెడదు. 1975 నాటి ‘జాస్’లో మేయరు పోలీసు అధికారిని ఒప్పించే దృశ్యాన్ని మూడు కార్లు మాత్రమే పట్టే చిన్న ఫెర్రీ మీద, ఒకే టేకులో, మధ్యలో కట్ లేకుండా తీశారు. నటులు వరుసగా నిలబడి మాట్లాడుతుంటే వెనుక దృశ్యం తనంత తానే మారుతూ ఉంటుంది. కెమెరా చేయవలసిన కదలికను ఓడ చేసింది. మీ దర్శకుడికి పట్టాలూ క్రేనూ కావాలని అనిపించినప్పుడు ఈ దృశ్యాన్ని ఒకసారి చూడమని చెప్పు.

ఇక బరువు సంగతి. ప్రతి ప్రయాణికుల ఓడకూ ఎందరు ఎక్కవచ్చో తెలిపే పత్రం ఉంటుంది. ఆ సంఖ్యలో నటులే కాదు, లైట్‌మెన్, మేకప్ వాళ్లు, టీ అందించే కుర్రాడు అందరూ లెక్కకు వస్తారు. లైఫ్ జాకెట్లు కూడా ఆ లెక్క ప్రకారమే ఉంటాయి. ఓడ నిలకడను లెక్కించే అంతర్జాతీయ నియమావళిలో ఒక మనిషిని 75 కిలోలుగా తీసుకుంటారు, ప్రయాణికులందరూ ఒకే వైపుకు చేరితే ఓడ ఎంత ఒరుగుతుందో కూడా పరీక్షిస్తారు. మనవాళ్లు చేసేది సరిగ్గా అదే: ఫ్రేము నిండుగా ఉండాలని జనాన్నంతా ఒక కమ్మీ దగ్గరకు తోసి, వారికి ఎదురుగా లైట్లూ క్రేనూ పై డెక్కు మీద నిలబెడతారు. బరువు పైకి చేరిన కొద్దీ ఓడ నిలకడ తగ్గుతుంది. జనరేటరును పై డెక్కు మీదికి ఎక్కించాలని ఎవరైనా అంటే, ఆ నిర్ణయం నీది కాదు, ఛాయాగ్రాహకుడిది అసలే కాదు. సామాను బరువుల జాబితా రాసి, ఏది ఎక్కడ పెడతారో పటం గీసి కెప్టెన్‌కు ఇవ్వు; ఆయన సంతకం పెట్టిన తరువాతే లారీలోంచి సామాను దింపించు.

రాత్రి షూటింగ్ అయితే ఈ ఉత్తరంలో మిగతావి మరచిపోయినా దీనిని మరచిపోకు. సముద్రంలో ఢీకొనకుండా ఉండేందుకు 1972లో చేసిన అంతర్జాతీయ నియమాల ప్రకారం ఓడ ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ దీపాలు వెలగాలి. వాటిని చూసే ఎదుటి ఓడ తన దారిని నిర్ణయించుకుంటుంది. వాటితో పొరబడేలాగానీ, వాటి వెలుగును మింగేలాగానీ, చుక్కాని గదిలో ఉన్నవారి చూపుకు అడ్డం వచ్చేలాగానీ వేరే దీపాలు వెలిగించకూడదు. పాటలో రంగుల కోసం డెక్కు అంచున ఎరుపూ ఆకుపచ్చా దీపాలు పెట్టడం ఎంత ప్రమాదమో దీనిని బట్టి ఊహించుకో. చుక్కాని గదిలో నటుడి ముఖం మీద చిన్న దీపం వెలిగించినా అద్దాల్లో ప్రతిబింబం పడి, నడిపేవారికి చీకట్లో ఏమీ కనబడదు. ఆ గదిలోని దృశ్యాన్ని ఓడ రేవులో కట్టి ఉన్నప్పుడే తీయండి.

హారన్ కూడా అలంకారం కాదు. ఒక పొట్టి కూత అంటే కుడివైపు తిరుగుతున్నానని, రెండు అంటే ఎడమవైపు అని, మూడు అంటే ఇంజను వెనక్కి తిప్పుతున్నానని ఎదుటి ఓడకు అర్థం. కనుక దర్శకుడు చెయ్యి ఊపగానే కూత వేయించకు, శబ్దం తరువాత చేర్చుకోవచ్చు. నారింజ రంగు పొగ, ఎర్రని మంట ప్రమాదంలో ఉన్నామని తెలిపే సంకేతాలు. ప్రమాదం లేనప్పుడు వాటిని వాడడం నిషిద్ధం. చేతులు రెండూ పక్కలకు చాచి నెమ్మదిగా పైకీ కిందికీ పదే పదే ఊపడం కూడా ఆ జాబితాలోనే ఉంది. మన నృత్య దర్శకులు ఎంతో ఇష్టపడే భంగిమ అది. నీటి మీద పాట తీసేటప్పుడు దానిని చిన్నగా మార్చమని ఎవరో ఒకరు చెప్పక తప్పదు. నదులలోనూ సరస్సులలోనూ స్థానిక నియమాలు వేరుగా ఉండవచ్చు గనుక రేవు అధికారుల అనుమతి విడిగా తీసుకో.

వాహనాలు ఎక్కే ఫెర్రీ అయితే ముందు తలుపు తెరిచి ఉంచి, ఆ చట్రంలోంచి నీటిని చూపిస్తూ ప్రయాణించాలని ఛాయాగ్రాహకుడు తప్పకుండా అడుగుతాడు. వద్దని నిర్మొహమాటంగా చెప్పు. 1987 మార్చి 6న ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ అనే ఫెర్రీ ముందు తలుపు మూయకుండానే రేవు వదిలి, వాహనాల డెక్కులోకి నీరు చేరడంతో నిమిషాల్లో ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు. ఆ డెక్కు గోడల్లేని పెద్ద హాలులాంటిది. కొద్దిపాటి నీరు చేరినా ఒక పక్కకు పారి ఓడను అటే లాగుతుంది. అదే కారణంగా కేబుళ్ల కోసం నీటిని ఆపే తలుపులను తెరిచి ఉంచనివ్వకు. కేబుల్ ఏ దారిన పోవాలో ఓడ ఇంజనీరు చూపిస్తాడు.

కమ్మీల ఎత్తు సాధారణంగా ఒక మీటరు. నటుడి ఎత్తు సరిచేయడానికి కాళ్ల కింద చెక్కపెట్టె వేస్తే ఆ కమ్మీ నడుము కిందికి, తొడల దగ్గరికి వచ్చినట్టే. ఈ ఒక్క పెట్టె గురించి ఎవరూ ఆలోచించరు. పెట్టె వేయక తప్పకపోతే దుస్తుల లోపల ఒంటికి బిగించే రక్షణ పట్టీ, దానికి తాడు, పక్కన స్టంట్ మనిషి, నీటిలో వెంట వచ్చే రక్షక పడవ ఉండాలి.

ఇంజను హోరులో మాటలు దొరకవని శబ్దగ్రాహకుడు ముందే చేతులెత్తేస్తాడు. చాలాసార్లు ఆయన మాట నిజమే. డబ్బింగ్‌కు సిద్ధపడండి, కానీ డబ్బింగ్‌కు ఆధారంగా షూటింగ్‌లోనే రికార్డు చేసే మార్గదర్శక ధ్వనిని మానకండి, ఖాళీ ఓడ హోరును కూడా విడిగా రికార్డు చేయించండి. బ్యాటరీలతో నడిచే ఫెర్రీలు ఇప్పుడు ఉన్నాయి. నార్వేలో 2015లో సర్వీసు మొదలుపెట్టిన ‘ఆంపియర్’ వాహనాల ఫెర్రీలలో పూర్తిగా బ్యాటరీతో నడిచే మొదటిది. అటువంటి ఓడ దొరికితే మాటల దృశ్యానికి మేలు.

డ్రోను నడిపేవాడిని ఒక్క ప్రశ్న అడుగు: సంకేతం తెగిపోతే అది ఎక్కడికి తిరిగి వస్తుంది? మామూలు అమరికలో అది ఎగిరిన చోటికే వస్తుంది, ఆ చోట అప్పటికి ఓడ ఉండదు, నీరే ఉంటుంది. పైగా ఇనుప డెక్కు మీద దాని దిక్సూచి తప్పు చూపవచ్చు. తీరం నుంచో, వెంట వచ్చే పడవ నుంచో ఎగరేయడం నయం.

సర్వీసులో కొన్ని షాట్లు తీయక తప్పకపోతే, ఎక్కే దారిలోనే చిత్రీకరణ జరుగుతోందని అందరికీ కనిపించేలా బోర్డు పెట్టించు; ముఖం కనబడకూడదనుకునేవారికి కెమెరా చూడని డెక్కు ఒకటి వదిలిపెట్టు. వాళ్లు టికెట్టు కొన్నది ఇంటికి చేరడానికి. మన హీరో కోసం ఓడ అయిదు నిమిషాలు ఆగితే అవతలి రేవులో ఎవరి బస్సో తప్పిపోతుంది. ఈ విషయంలో నేను ఏ దర్శకుడి మాటా వినలేదు.

పగలగొట్టడం, ముంచడం, తగలబెట్టడం వంటివి కథలో ఉంటే నిజమైన ఓడ దగ్గరికి వాటిని రానివ్వకు. 2017 నాటి ‘స్పైడర్‌మ్యాన్: హోమ్‌కమింగ్’లో స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ రెండుగా చీలే ఘట్టం కోసం ఓడ భాగాన్ని సెట్‌గా కట్టి, మిగిలినది గ్రాఫిక్స్‌తో పూరించారు. నీ ఘట్టంలో అటువంటిది ఒక్క షాట్ ఉన్నా, నిజమైన ఓడ కమ్మీలు, బల్లలు, కిటికీల కొలతలు రెక్కీలోనే తీసుకుని కళాదర్శకుడికి అందించు.

షూటింగ్ రోజు ఉదయం క్లాప్ కొట్టే ముందు ఓడ సిబ్బంది చేత యూనిట్ మొత్తానికి రక్షణ సూచనలు చెప్పించు, పెద్ద నటులు కూడా నిలబడి వినాలి. ఎక్కినవారి పేర్లు రాసుకుని, దిగేటప్పుడు అదే జాబితాతో సరిచూడు. సంఖ్య సరిపోయేదాకా ఓడను వదలవద్దు. రెక్కీ తేదీ ఖాయం కాగానే నాకు రాయి. కెప్టెన్ ఇచ్చే సామర్థ్య పత్రం నకలు, మీ సామాను బరువుల జాబితా జత చేస్తే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, ఏవి రేవులోనే వదిలేయాలో గుర్తుపెట్టి తిరుగు టపాలో పంపుతాను.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న