టిక్ పడితే పాఠం చూసినట్టేనా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట. రొయ్యల గుంటల మీద పనిచేసే కుర్రాళ్ల కోసం మూడుల్ అనే ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్‌లో కోర్సు పెట్టాను. మొదటి వీడియో చూస్తేనే రెండో పాఠం తెరుచుకోవాలని సెట్టింగ్ ఇచ్చాను. తీరా చూస్తే యూట్యూబ్ లింక్ నొక్కగానే పాఠం పూర్తయినట్టు టిక్ పడిపోయి తర్వాతి పాఠం వచ్చేస్తోంది. నిజంగా చూసినవాళ్లకే రావాలంటే ఏం చేయాలి?
— ఒక ఫిషరీస్ మాస్టారు

జవాబు: మాస్టారూ, లింక్ తెరిచారా లేదా అన్నంతవరకే మూడుల్‌కి తెలుస్తుంది. వీడియో చివరిదాకా నడిచిందా, మధ్యలో ఆపేశారా అన్నది దానికి పట్టదు. అందుకే తర్వాతి పాఠానికి వేసే తాళాన్ని వీడియో చూడటానికి కాదు, ప్రశ్నకి జవాబు చెప్పడానికి ముడిపెట్టండి.

ప్రశ్నలు కలిపిన పాఠాలు తయారుచేసుకునే హెచ్‌ఫైవ్‌పీ (H5P) అనే సాధనంలో ఇంటరాక్టివ్ వీడియో అని ఉంటుంది. 2020లో వచ్చిన మూడుల్ 3.9 నుంచి దీనికి వేరే ప్లగిన్ (అదనంగా వేసుకునే సాఫ్ట్‌వేర్) అక్కర్లేదు. మీ యూట్యూబ్ లింకే అందులో ఇచ్చి, కావాల్సిన చోట వీడియో ఆగి ప్రశ్న అడిగేలా పెట్టొచ్చు. గుంట నీటికి గాలి అందించే ఏరేటర్ల పాఠమే తీసుకోండి. రాత్రంతా రొయ్యలు, నాచు, అడుగున కుళ్లే మేత అన్నీ ఆక్సిజన్‌ని వాడుకుంటాయనీ, ఎండ లేక కొత్తగా తయారవదనీ మీరు చెప్పడం అయిపోగానే వీడియో ఆగాలి. 'ఆక్సిజన్ బాగా పడిపోయేది ఎప్పుడు? మధ్యాహ్నమా, సాయంత్రమా, తెల్లవారుజామునా?' ఇలాంటి ప్రశ్నకి విన్నవాడు తడుముకోడు. ముందుకు జరపకుండా ఆపే ఆప్షన్ కూడా ఉంది గానీ, దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. ఫోన్ పక్కన పడేసినా వీడియో ఆడుతూనే ఉంటుంది.

ఇక సెట్టింగులు. ఆ యాక్టివిటీకి 'గ్రేడ్ టు పాస్' మార్కు ఇచ్చి, పాసైతేనే పూర్తయినట్టు పెట్టండి. తర్వాతి పాఠంలో 'రిస్ట్రిక్ట్ యాక్సెస్'కి వెళ్లి ఈ యాక్టివిటీని షరతుగా ఎంచుకోండి. పక్కనున్న కన్ను గుర్తు తెరిచే ఉంచండి. అప్పుడు పాఠం మాయమవకుండా, ఎందుకు తెరుచుకోలేదో పిల్లవాడికి కనిపిస్తుంది.

చాలామంది దెబ్బతినేది చివర్లోనే. వీడియో అయ్యాక సబ్మిట్ నొక్కకపోతే మార్కులు మూడుల్‌కి చేరవు, తాళమూ తెరుచుకోదు. ఆఖర్లో మీ గొంతుతోనే 'సబ్మిట్ నొక్కండి' అని చెప్పండి. తప్పినవాళ్లు ఎన్నిసార్లయినా మళ్లీ రాసుకోనివ్వండి, ఎక్కువ వచ్చిన మార్కే లెక్కలోకి తీసుకోండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆక్సిజన్ అందక రొయ్యలు పైకి తేలినప్పుడు ఏం చేయాలో చెప్పే పాఠానికి తాళం వేయొద్దు. తెల్లవారుజామున గట్టు మీద నిలబడి ఫోన్ తీసిన కుర్రాడికి 'ముందు మొదటి పాఠం పూర్తి చేయండి' అని కనిపిస్తే ఎలా? ముందుది రాకపోతే వెనకది అర్థం కాని పాఠాలకే తాళాలు పెట్టండి.

టీచర్ లాగిన్‌లో చూస్తే మీకు అన్నీ తెరిచే ఉంటాయి. విద్యార్థి పేరుతో ఒక ఖాతా తెరిచి, మీ ఫోన్‌లోనే మొదటి పాఠం నుంచి చివరిదాకా ఒకసారి చేసి చూశాకే పిల్లలకి ఇవ్వండి.