శవం దగ్గర మొదలుపెట్టకు

తమ్ముడూ,

మెక్సికోలోని హ్వారెజ్ ఊళ్లో ఆడపిల్లల హత్యల మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. వాక్యం నీ చేతికి లొంగుతోంది, ఆ దిగులేం పెట్టుకోకు. నా పేచీ అంతా మొదటి పేజీతోనే. ఎడారి, గద్దలు, చిరిగిన బట్టలు... శవం మీద పదహారు వాక్యాలు. ఆ పిల్ల బతికున్నప్పటివి మూడే. అందులో ఒకటి ఆమె పళ్లు ముత్యాల్లా ఉన్నాయని. అది ముందు కొట్టెయ్.

రియో గ్రాండే నదికి అవతల టెక్సాస్‌లోని ఎల్ పాసో, ఇవతల హ్వారెజ్. విడిభాగాలు తెప్పించుకుని, బిగించి, మళ్లీ అమెరికాకి పంపే ఫ్యాక్టరీలు 1965 తర్వాత అక్కడ వెలిశాయి. మకిలాదోరాలంటారు. 1994లో అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య కుదిరిన నాఫ్టా వ్యాపార ఒప్పందంతో ఇంకా పెరిగాయి. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో ఆడపిల్లలు పనికొచ్చారు. ఊరి అంచున ఇసుక నేలల్లో ఇళ్లు, చీకటి ఉండగానే బస్సు. 1993 నుంచి వాళ్ల హత్యల లెక్క రాసిపెట్టింది పోలీసులు కాదు. అకౌంటెంటుగా పనిచేసిన ఎస్తేర్ చావెస్ కానో అనే ఆవిడ పేపర్లలో వచ్చిన వార్తలు ఏరి, జాబితా కట్టింది. నీ కథలో ఇలాంటి మనిషి ఒక్కరూ లేరేం?

2001 నవంబరులో ఒక పత్తిచేలో ఎనిమిది మంది ఆడవాళ్ల మృతదేహాలు దొరికాయి. వాళ్లలో 20 ఏళ్ల అమ్మాయి ఒకరు. ఆ రోజు డ్యూటీకి కొద్ది నిమిషాలు ఆలస్యమైందని ఫ్యాక్టరీలోకి రానివ్వలేదు. వెనక్కి తిరిగింది, అంతే. నీ కథ ఆ గేటు దగ్గరుంది, గద్దల దగ్గర కాదు. కనబడకుండా పోయిన కూతుళ్ల గురించి పోలీసులకి చెప్పుకోవడానికి వెళ్లిన తల్లులకి అక్కడ దొరికిన జవాబు: ఎవడితోనో వెళ్లిపోయుంటుంది. ‘లేచిపోయుంటుందిలే’ అన్న మన మాట వినబడిందా? ఆ సీను రాయడానికి నువ్వు మెక్సికో వెళ్లక్కర్లేదు.

ఇక నీ ముగింపు, ఇన్‌స్పెక్టరు బేడీలు వెయ్యడం. పత్తిచేను కేసులో రోజుల్లోనే ఇద్దరు బస్సు డ్రైవర్లను పట్టుకున్నారు. చిత్రహింసలు పెట్టి ఒప్పించారని వాళ్లు మొత్తుకున్నారు. ఒకడు 2003లో జైల్లోనే పోయాడు, రెండోవాడు 2005లో నిర్దోషిగా బయటికొచ్చాడు. చివరికి 2009లో అంతర అమెరికా మానవ హక్కుల న్యాయస్థానం వేలెత్తి చూపింది మెక్సికో ప్రభుత్వాన్నే. 2019 డిసెంబరులో షాద్‌నగర్ దగ్గర ఎన్‌కౌంటరైతే పోలీసుల మీద పూలు చల్లిన జనం మనం. ఆ ఉత్సాహం నీ చివరి పేరాలో కాస్త ఉంది. ఒకసారి చూసుకో.

గ్యాంగుల సంగతి. 2008 నుంచి హ్వారెజ్, సినలోవా అనే మాదకద్రవ్యాల ముఠాల యుద్ధంలో ఊరు శ్మశానమైంది. 2010 ఒక్క ఏడాదిలోనే మూడువేల పైచిలుకు హత్యలు. నీకు ఆ తుపాకులు ముద్దొచ్చాయి, తెలుస్తూనే ఉంది. కానీ ‘గ్యాంగు గొడవ’ అనే మాట ఎవరికి పనికొస్తోందో కనిపెట్టు. ఆ జనవరిలో విజాస్ దె సాల్వార్కార్ అనే పేటలో, పార్టీ చేసుకుంటున్న పిల్లల మీద పడి 15 మందిని చంపారు. మెక్సికో అధ్యక్షుడు కాల్దెరోన్ అప్పుడు జపాన్‌లో ఉన్నాడు. అక్కణ్ణుంచే, ఇది ముఠా తగాదాలా ఉందన్నాడు. ఫిబ్రవరిలో హ్వారెజ్ వస్తే, ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లి ఎదురుగా నిలబడి, మీకు స్వాగతం చెప్పలేనని మొహం మీదే అనేసింది.

అసలు పేర్లు మాత్రం వాడకు. వాళ్ల అమ్మలున్నారు.

గేటు దగ్గర ఆ పిల్ల చేతిలో ఏముందో, టిఫిన్ డబ్బానో, బస్సు చిల్లరో, అది తేల్చుకున్నాక మళ్లీ రాసి పంపు. తొందరేం లేదు. ఈసారి మాత్రం అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, నా కళ్లద్దాలు మార్చాల్సిన రోజులు దాటిపోయాయి.

మీ అక్క