బాప్తిస్మానికి ముందు నా చిన్నాకి

చిన్నా,

నువ్వు బాప్తిస్మం తీసుకుంటున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మర్నాడు నీ మెసేజ్ వచ్చింది. "ఇకమీదట దేవుడికి చెడ్డపేరు తెచ్చే పని ఒక్కటి కూడా చెయ్యను అత్తయ్యా" అని రాశావు. నీ కోసం ఏళ్ల తరబడి ప్రార్థన చేసినదాన్ని, పొంగిపోయాను. కానీ ఆ ఒక్క వాక్యం చదివినప్పటినుంచీ టెన్షన్ పట్టుకుంది. ఎందుకో చెబుతాను.

చిన్న సంగతులు ముందు అయిపోనీ. పాస్టర్‌గారు అడిగేవాటికి బట్టీ పట్టిన జవాబులు చెప్పకు. సాక్ష్యం చెప్పమంటే ఉన్నది ఉన్నట్టు, క్లుప్తంగా చెప్పు. పొడి బట్టలు మర్చిపోకు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు ఎవరి దగ్గరా కొలువులో చేరడం లేదురా. యేసును నమ్మిన రోజే దేవుని ఇంటికి బిడ్డవయ్యావు. ఆ సంగతిని ఇప్పుడు అందరి ముందూ ఒప్పుకుంటున్నావు, అంతే. రక్షణ అంటే పాపాలు కొట్టేయడమే అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. శిక్ష రద్దయినవాడు కోర్టు మెట్లు దిగి ఏ ఇంటికి వెళ్లాలి? గలతీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం చదువు. కుమారుడు వచ్చింది మనల్ని విడిపించడానికీ, మనం దత్తపుత్రులం కావడానికీ అని పౌలు రెండూ ఒకే ఊపిరిలో చెబుతాడు.

ఆ రోజుల్లో రోమా సామ్రాజ్యంలో దత్తత అంటే ఏమిటో అందరికీ తెలుసు. రోమా చక్రవర్తి కైసరు ఔగుస్తు క్రీ.శ. 4లో తిబెరిని దత్తత తీసుకున్నాడు. అప్పటికే తిబెరికి నలభై దాటాయి. అయినా ఆ రోజునుంచి చట్టం ముందు అతను కొడుకే, వారసుడే. యేసు ఊరూరా తిరిగి బోధించిన రోజుల్లో సింహాసనం మీద ఉన్నది ఆ దత్తపుత్రుడే. కానీ ఔగుస్తు అతన్ని ఎందుకు తీసుకున్నాడు? వారసులనుకున్న మనవలిద్దరూ చనిపోయారు కాబట్టి. దేవుడికి ఆ లోటు లేదు చిన్నా. ఆయనకు ప్రియకుమారుడు ఉన్నాడు. ఉండి కూడా మనల్ని తెచ్చుకున్నాడు, అదీ మనం ఇంకా పాపులుగా ఉన్నప్పుడు. నీ యోగ్యత చూసి తెచ్చుకోలేదు కాబట్టి, అయోగ్యుడివని తేలితే వెనక్కి పంపేస్తాడన్న భయానికి చోటు లేదు.

ఇది నీకు ఇంతగా చెప్పడానికి ఒక కారణం ఉంది. నాతోపాటే బాప్తిస్మం తీసుకున్న ఒక అక్క ఉండేది. మా అందరిలోకీ ఆమెకే ఆసక్తి ఎక్కువ. ఒక నోటుబుక్కు పెట్టుకుంది. చదివిన అధ్యాయాలు, ప్రార్థన చేసిన నిమిషాలు, ఉపవాసాలు, అన్నీ గీతలు గీసిన గడుల్లో రాసేది. తప్పిన రోజుకు ఎర్ర ఇంకుతో సున్నా. మేమంతా ఆమెను మెచ్చుకునేవాళ్లం, మాకు అందులో తేడా ఏమీ కనిపించలేదు. కొన్నాళ్లకు వాళ్లమ్మ మంచం పట్టింది. రాత్రీ పగలూ సేవ చేస్తూ పుస్తకం తెరవలేకపోయింది. అదే రోజుల్లో ఆఫీసులో ఒక అబద్ధం ఆడాల్సి వచ్చిందట. అప్పటినుంచి గుడిలో ముందు కూర్చునే మనిషి వెనక తలుపు దగ్గరికి మారింది. హ్యాండ్‌బ్యాగు కింద పెట్టేది కాదు, ఒళ్లో రెండు చేతులా పట్టుకుని కూర్చునేది. ఆఖరి ప్రార్థన అవ్వకముందే లేచిపోయేది. తర్వాత రావడమే మానేసింది.

చాలాకాలం తర్వాత ఇంటికి వెళ్లి అడిగితే, "ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు? ఆయన నన్ను ఎప్పుడో తీసేసి ఉంటాడు" అంది. తీసేయడం! పనిమనిషిని తీసేస్తారు. బిడ్డను తీసేస్తారా?

ఆ రోజు ఇద్దరం లూకా పదిహేనో అధ్యాయం చదివాం. తప్పిపోయిన కుమారుడు దారిలోనే మాటలు సిద్ధం చేసుకుంటాడు, చివర్లో "నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకో" అనాలని. తండ్రి ముందు నిలబడి మొదలుపెడతాడు గానీ ఆ కూలివాడి మాట అతని నోట రాదు. ఆలోపే తండ్రి వస్త్రం తెమ్మంటాడు, ఉంగరం పెట్టమంటాడు. ఇంట్లోనే ఉన్న పెద్దకొడుకేమో, ఇన్నేళ్లు నీకు సేవ చేశానని లెక్కలు తీస్తాడు. ఆ అక్క అక్కడ ఆగి, "నేను ఈ పెద్దవాడినే" అని ఏడ్చింది. మళ్లీ గుడికి రావడానికి ఆమెకు ఇంకా చాలా రోజులు పట్టింది, ఒక్క రోజులో మారిపోయిందని అబద్ధం చెప్పను.

అందుకే నీ మెసేజ్ చూసి భయపడ్డాను. నువ్వు పడతావురా. పడకూడదు, జాగ్రత్తగా ఉండాలి, తండ్రి దండిస్తాడు కూడా. బిడ్డ కాబట్టే దండిస్తాడని హెబ్రీ పత్రికలో ఉంది. కానీ పడిన రోజున ముందుగా ఇంటికే పరుగెత్తు. మొహం కడుక్కుని, బాగుపడి వస్తానని బయట ఆగిపోకు. ఆ రోజు ప్రార్థన రాకపోతే "తండ్రీ" అని ఒక్కమాట అను. రోమీయులకు రాసిన పత్రిక ఎనిమిదో అధ్యాయంలో దత్తపుత్రాత్మను, అంటే మనల్ని బిడ్డలుగా చేసే దేవుని ఆత్మను, పొందినవాళ్లు మొర్రపెట్టేది ఆ మాటే.

ఇంకొకటి. మీ నాన్న నాతో "వాడు ఇక మావాడు కాదులే" అన్నాడు. మా అన్నయ్య గొంతు అలా వణకడం నేనెప్పుడూ వినలేదు. కొత్త తండ్రి దొరికాడని కన్నతండ్రిని వదిలేసేవాణ్ణి దేవుడు మెచ్చుకోడు. దేవుడికి అర్పించామన్న వంకతో తల్లిదండ్రులకు చెయ్యాల్సింది ఎగ్గొట్టినవాళ్లను యేసు గట్టిగా తప్పుపట్టాడు. ఆయన సిలువ మీద ఉండి కూడా తల్లిని యోహానుకు అప్పగించాడు. ఈ వారమే వెళ్లి నాన్న పక్కన కూర్చో. వాదించకు. ఆయన కోప్పడితే పడు.

సంఘంలో నీకు బోలెడుమంది అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు దొరుకుతారు. వాళ్లలో కొందరు నీకు నచ్చరు. నువ్వు ఎంచుకుని తెచ్చుకున్నవాళ్లు కాదు కదా, తండ్రి తెచ్చుకున్నవాళ్లు. వాళ్లతో సర్దుకుపోవడం నేర్చుకో, నీతో సర్దుకునేవాళ్లూ ఉంటారు. లెక్కప్రకారం నేనూ ఇకనుంచి నీకు అక్కనే. నువ్వు మాత్రం అత్తయ్యా అనే పిలువు, ఆ పిలుపు వదులుకోలేను.

తేదీ, టైమ్ ఖాయం కాగానే చెప్పు, ముందురోజు రాత్రికే వచ్చేస్తాను. ఆ అక్క కూడా నాతో వస్తానంటోంది.

మీ అత్తయ్య