రెండున్నర లక్షలు పెట్టి సైకిలు కొనాలా?

నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌కి ఈమధ్యే వచ్చిన ఒక చెల్లి సందేహం ఇది. "అక్కా, ఆఫీసు వెల్డ్‌హోవెన్‌లో, ఇంటి నుంచి ఏడు కిలోమీటర్లు. మా టీములో సగం మందివి ఎలక్ట్రిక్ సైకిళ్లే. షాపులో ఒకటి తొక్కి చూశాను, బాగా నచ్చింది, 2,799 యూరోలు. అమ్మకి చెబితే 'రెండున్నర లక్షలు పోసి సైకిలేంటే, ఆ డబ్బుకి రెండు స్కూటీలొస్తాయి' అని ఒకటే గోల. ఎడ్యుకేషన్ లోను ఇంకా ఉంది. కొనమంటారా?"

ఈ చలికాలం మాత్రం కొనొద్దు తల్లీ. వచ్చే ఏడాది కొన్నా ఈ సైకిలే కొంటావని నేననుకోను. ఎందుకంటున్నానో కాస్త ఓపిగ్గా చదువు. నెదర్లాండ్స్ వచ్చిన కొత్తలో సైకిళ్ల మీద నేను పోగొట్టుకున్నంత డబ్బు నువ్వూ పోగొట్టుకోకూడదనే నా తాపత్రయమంతా.

ముందు అమ్మ మాట. అమ్మ లెక్క మన ఊరికి సరిపోతుంది. అక్కడ జీతం పెరగ్గానే సైకిలు దిగి బండెక్కుతారు. ఇక్కడ జనాభా కోటీ ఎనభై లక్షలైతే సైకిళ్లు రెండు కోట్ల పైనే. మార్క్ రుట్టే ప్రధానమంత్రిగా ఉన్నప్పుడు కూడా సైకిలు మీద ఆఫీసుకి వెళ్లేవారు. సైకిలుకి డబ్బు పెట్టడం ఇక్కడ దుబారా కాదని అమ్మకి ధైర్యంగా చెప్పు. కానీ చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశావే, ఆ లోను, నాకు సైకిలు కంటే అదే పెద్దగా కనిపిస్తోంది. వడ్డీ 11 శాతం అనుకుంటే రెండున్నర లక్షల మీద ఏడాదికి 27,500 రూపాయలు. నువ్వు సంపాదించేది యూరోల్లోనే, కాదనను. అప్పు మాత్రం అక్కడ రోజూ పెరుగుతూనే ఉంటుంది. మీ బ్యాచ్ పిల్లలకి మొదటి జీతం పడగానే ఇది గుర్తుండదు, అదే నా బెంగ.

నేను నీకు పూర్తిగా విరుద్ధంగా చేశాను. వచ్చిన కొత్తలో కాఫీ తాగాలన్నా రూపాయల్లోకి మార్చి చూసుకునేదాన్ని. షాపులో సైకిళ్ల ధరలు చూసి భయపడిపోయి, ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో అన్నిటికంటే చవకైనది వెతికి పట్టుకున్నాను. ఇరవై ఒక్క గేర్లు, డిస్కు బ్రేకులు, రెండు వందల యూరోల లోపే. అట్టపెట్టెలో విడిభాగాలుగా వచ్చింది. హ్యాండిలు, పెడళ్లు నేనే బిగించుకుని, ఫొటో తీసి ఇంటికి పంపాను. నాన్న చుట్టాలందరికీ చూపించారట.

ఆ సైకిలు ఎండాకాలం బాగానే నడిచింది. అక్టోబరు వానలకి చైను మీది నూనంతా కొట్టుకుపోయింది. చలి ముదిరాక, రోడ్డు మీద మంచు గడ్డకట్టకుండా చల్లే ఉప్పు మిగతా పని పూర్తిచేసింది. జనవరికల్లా చైను లింకులు ఎర్రగా తుప్పుపట్టి, వేళ్లతో వంచినా వంగనంతగా బిగుసుకుపోయాయి. ఎదురుగాలికి గట్టిగా తొక్కితే గేరు టక్కున జారి పెడలు వచ్చి పిక్కకి కొట్టేది. వెనక చక్రంలో చువ్వలు ఒక్కొక్కటే తెగడం మొదలైంది. వీధి చివరి రిపేరు షాపుకి నడిపించుకు వెళ్తే, ఈ రకం సైకిళ్లు మేం ముట్టుకోం అన్నారు. ఇంకో షాపులో చైను, వెనక పళ్లచక్రాలు, చువ్వలు, మజూరీ అన్నీ కలిపి రాసిచ్చిన చీటీ చూస్తే సైకిలు ధరలో ముప్పాతిక వంతు ఉంది. చేయించాను. మళ్లీ చలికాలం వచ్చేసరికి కథ మొదటికొచ్చింది.

మన సైకిలు కొట్టులో ట్యూబు విప్పి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడొస్తున్నాయో చూసి ప్యాచీ వేసిస్తే చిల్లర డబ్బులతో పని అయిపోయేది. ఇక్కడ అదే పంక్చరుకి పదిహేను, ఇరవై యూరోలు అడుగుతారు. వస్తువు చవగ్గానే దొరుకుతుంది, దాని మీద ఇంకో మనిషి చెయ్యి పడిందా, అప్పుడు తెలుస్తుంది ఖర్చు. ఈ సంగతి బుర్రకెక్కాకే ఇక్కడ డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో నాకు తెలిసొచ్చింది. సైకిలు ఖరీదైనదా కాదా అని కాదు నువ్వు చూడాల్సింది. నిన్ను ఎన్నిసార్లు రిపేరు షాపుకి తిప్పుతుందో చూడు.

డచ్చివాళ్లు రోజూ తొక్కే మామూలు సైకిలు దగ్గర ఎప్పుడైనా వంగి చూశావా? పైకి మన తాతల నాటి సైకిల్లాగే ఉంటుంది. చైను మొత్తం డబ్బాలో మూసి ఉంటుంది, వాన తగలదు, ఉప్పు అంటదు. గేర్లు బయటికి వేలాడవు, వెనక చక్రం నడిమధ్య ఉండే హబ్బు లోపలే ఉంటాయి. షిమానో నెక్సస్ పేరుతో మూడు, ఏడు, ఎనిమిది గేర్లలో వస్తాయి. చాలావాటికి ముందు హబ్బులోనే డైనమో ఉంటుంది కాబట్టి లైటుకి బ్యాటరీ మార్చే పనిలేదు. బ్రేకులు కూడా హబ్బులోనే ఉన్న మోడల్ తీసుకుంటే తడిసిన రిమ్ము మీద రబ్బరు జారడం, అరగడం అన్న బాధే ఉండదు. టైరు లోపల గాజుపెంకు దిగకుండా మందపాటి పొర. వెనక చక్రానికి, ఫ్రేముకే బిగించిన తాళం. గజెల్, బటావస్ లాంటి పాత కంపెనీల్లో ఇవన్నీ ఉన్న కొత్త సైకిలు 700 నుంచి 1,000 యూరోల మధ్య వస్తుంది. గజెల్ 1892 నుంచీ ఉంది. ఏ ఊళ్లో ఆగిపోయినా పార్టు దొరుకుతుంది, విప్పి బిగించేవాడూ దొరుకుతాడు.

ఆ మాట ఎందుకంటున్నానంటే, ఆమ్‌స్టర్‌డామ్ కంపెనీ వాన్‌మూఫ్ సైకిళ్ల మీద ఒకప్పుడు మనవాళ్లు కూడా బాగా మోజుపడ్డారు. ఫోనులో యాప్‌తో తాళం తెరుచుకుంటుంది, చూడముచ్చటగా ఉంటుంది. 2023 జులైలో ఆ కంపెనీ దివాలా తీసింది. పార్టులన్నీ వాళ్లవే కావడంతో మామూలు షాపుల్లో రిపేరు దొరక్క కొన్నవాళ్లు చాలా ఇబ్బంది పడ్డారు. తర్వాత వేరే కంపెనీ దాన్ని కొనుక్కుంది, అది వేరే సంగతి. వేలకి వేలు పోసేటప్పుడు మన వీధి చివర షాపతను విప్పగలిగిన సైకిలేనా అని ముందు అడగాలి.

ఇక నీ 2,799 సంగతి. అందులో వెయ్యి సైకిలుకి అనుకో. మిగతా పద్దెనిమిది వందలూ మోటారుకీ బ్యాటరీకీ. ఆ మోటారు గంటకి 25 కిలోమీటర్ల దాకానే సాయం చేస్తుంది, ఆపైన తొక్కాల్సింది నువ్వే. చార్జింగు ఖర్చు లెక్కలోకి రాదు, ఒకసారి నింపడానికి పదిహేను సెంట్లో ఇరవై సెంట్లో. కానీ కొన్నేళ్లకి బ్యాటరీ మార్చాల్సి వస్తే 500 నుంచి 800 యూరోల దాకా అవుతుంది, అది అమ్మేవాడు నీకు చెప్పడు. బరువు కూడా ఇరవై అయిదు కిలోలకి అటూ ఇటూ ఉంటుంది. నువ్వుండేది లిఫ్టు లేని మూడో అంతస్తు అయితే, కింద సైకిలు పెట్టుకునే గది లేకపోతే, అది రాత్రంతా వీధిలోనే ఉంటుంది. ఇల్లు ఎలాంటిదో నువ్వు రాయలేదు. నేనైతే ఇంటికి తగ్గట్టే సైకిలు కొనమంటాను.

ఏడు కిలోమీటర్లంటే ఈ చదును నేల మీద అరగంట లోపు ప్రయాణం. అసలు శత్రువు గాలి. ఈ దేశంలో ఎక్కువ రోజులు నైరుతి నుంచి వీస్తుంది, వెల్డ్‌హోవెన్ కూడా నీకు అటు వైపే. పొద్దున ఆఫీసుకి వెళ్లేటప్పుడు ఎదురుగాలి, సాయంత్రం అదే గాలి వెనక నుంచి తోస్తూ ఇంటికి చేరుస్తుంది. మొదటి నెల తొడలు పట్టేస్తాయి, తర్వాత అలవాటైపోతుంది. చెమట పడుతుందనుకుంటే పది నిమిషాలు ముందు బయల్దేరి నెమ్మదిగా తొక్కు. పన్నెండు, పదిహేను కిలోమీటర్ల దూరమైతేనో, మోకాళ్ల నొప్పులుంటేనో, ముందొక పిల్ల వెనకొక పిల్లాడు కూర్చుంటేనో ఎలక్ట్రిక్ సైకిలుకి పెట్టిన ప్రతి యూరో సార్థకమే. నీకు ఆ మూడూ లేవు.

చవకది కొని నష్టపోయినట్టే, ఖరీదైనది కొనీ నష్టపోయాను. ఉద్యోగం పర్మనెంటు అయ్యాక ఇక మంచిదే కొనాలని కొన్నాను, ఇన్సూరెన్సు కూడా తీసుకున్నాను. ఒక సాయంత్రం స్టేషన్ దగ్గర ఊరి నుంచి వచ్చిన అత్తయ్యని తీసుకురావడానికి లోపలికి వెళ్తూ, ఇప్పుడే వచ్చేస్తాను కదా అని చక్రం తాళం మాత్రం వేసి, గొలుసు క్యారియర్ మీదే వదిలేశాను. వచ్చేసరికి లేదు. ఫ్రేము తాళం వేసిన సైకిలుని ఎత్తి వ్యానులో వేసుకుపోవడం వాళ్లకి క్షణాల పని. పోలీసు ఫిర్యాదు ఇచ్చి క్లెయిము వేస్తే, ఇన్సూరెన్సువాళ్లు తాళంచెవులు రెండూ పంపమన్నారు. రెండోది ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. ఒక్క చెవితో క్లెయిము చెల్లదన్నారు. పాలసీ కాగితంలో ఆ షరతు ఉంది, నేనే చదవలేదు. ఆ నెలలో ఇంటికి డబ్బు పంపలేకపోయాను. అమ్మానాన్నల దగ్గర ఆ మాట చెప్పడం ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

అందుకే నువ్వు ఏ సైకిలు కొన్నా, తాళం గట్టిదనాన్ని పరీక్షించి ఇచ్చే ఏఆర్‌టీ గుర్తు, రెండు నక్షత్రాలు ఉన్న గొలుసు తాళం ముందు కొను. చాలా పాలసీలు అదే అడుగుతాయి, ధర యాభై నుంచి వంద యూరోల మధ్య. ఆ గొలుసుని కదలని స్టాండుకి చుట్టి వెయ్యాలి. రెండో తాళంచెవి పాస్‌పోర్టుతో పాటు దాచు. ఫ్రేము మీద చెక్కిన నంబరు ఫొటో తీసి, బిల్లుతో కలిపి నీకు నువ్వే మెయిల్ చేసుకో. స్టేషన్ దగ్గర కాపలా ఉన్న పార్కింగు ఉంటే వీధిలో పెట్టకు, చాలా చోట్ల మొదటి 24 గంటలు ఉచితమే. ఉట్రెక్ట్ స్టేషన్ కింద 12,500 సైకిళ్లు పట్టే పార్కింగు కట్టారు, ఎప్పుడైనా వెళ్తే చూడు, కళ్లు తిరుగుతాయి.

మరి ఇప్పుడేం తొక్కాలంటావా? నెల అద్దె సైకిలు. ముందు టైరు నీలం రంగులో ఉండే స్వాప్‌ఫీట్స్ సైకిళ్లు నువ్వు చూసే ఉంటావు, 2014లో డెల్ఫ్ట్‌లో విద్యార్థులు మొదలుపెట్టిన కంపెనీ. నెలకి ఇరవై యూరోల చుట్టూ ఉంటుంది, చెడిపోతే వాళ్లే బాగుచేస్తారు. ఒక చలికాలం అలా గడిపితే నువ్వు వానలో తొక్కే మనిషివో, చినుకు పడగానే బస్సెక్కే మనిషివో తెలిసిపోతుంది. నా కళ్లముందే దిగిన నెలలో వేలు పోసి కొని, నవంబరు నుంచి బస్సెక్కిన పిల్లలు బోలెడుమంది. లేదంటే షాపువాడు గ్యారంటీ ఇచ్చే సెకండ్ హ్యాండ్ తీసుకో, 200, 300 యూరోల్లో మంచిదే దొరుకుతుంది. పాత వస్తువులు అమ్ముకునే మార్క్‌ట్‌ప్లాట్స్ సైటులో కొంటే ఫ్రేము నంబరుని, దొంగ సరుకో కాదో చెప్పే పోలీసుల స్టాప్‌హెలింగ్ సైటులో కొట్టి చూడకుండా డబ్బు ఇవ్వకు. స్టేషన్ దగ్గర ఎవరైనా యాభైకి ఇస్తానని వస్తే అక్కడ నిలబడనే వద్దు. దొంగ సరుకని ధర చూస్తేనే తెలియాలి కదా అని కొన్నవాళ్లనీ పట్టుకుంటారు. ఫ్రేము సైజు కూడా చూసుకో, ఇక్కడి వాళ్ల ఎత్తుకి చేసినవి మనకి కాలు అందవు. మన ఎత్తుకి 49 నుంచి 53 సెంటీమీటర్ల మధ్య ఏదో ఒకటి సరిపోతుంది, కూర్చుని మునివేళ్లు నేలకి ఆనితేనే తీసుకో. లైట్లు, ఫోను పట్టుకుని తొక్కకపోవడం లాంటి రూల్సు ప్రభుత్వ సైటులో ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి, చదువుకో.

డబ్బు మాట ఒకటి మిగిలింది. కిలోమీటరుకి 23 సెంట్ల దాకా ప్రయాణ ఖర్చుని కంపెనీ పన్ను లేకుండా ఇవ్వొచ్చు, సొంత సైకిలు మీద వెళ్లినా సరే. మీ కంపెనీ పూర్తిగా ఇస్తే రోజుకి పద్నాలుగు కిలోమీటర్లకి 3.22 యూరోలు. వారానికి మూడు రోజులు వెళ్లినా ఏడాదికి నాలుగు వందలు దాటుతుంది. ఎనిమిది వందల సైకిలు రెండేళ్లలో తన ధర తానే తెచ్చుకుంటుందన్నమాట. ఆ రెండో సైకిలు పోయాక నేను కొన్నది అలాంటి సైకిలే. గేర్ల కేబులు, టైర్లు తప్ప ఇంకేమీ మార్చలేదు, ఇప్పుడు వెనక మా అబ్బాయి సీటుతో రోజూ నడుస్తోంది. ఆ తర్వాత ఇంటికి పంపే డబ్బు ఏ నెలా ఆగలేదు.

మీ టీములో వాళ్ల ఎలక్ట్రిక్ సైకిళ్లు చాలామటుకు కంపెనీ లీజువే అయ్యుంటాయి, కనుక్కో. 2020 నుంచి ఉన్న పద్ధతి ప్రకారం సైకిలు ధరలో 7 శాతం నీ ఏడాది ఆదాయానికి కలిపి పన్ను వేస్తారు. 2,799కి అది 196 యూరోలు, పన్ను నెలకి ఆరేడు యూరోలు దాటకపోవచ్చు. వినడానికి బాగుంటుంది. అయితే జీతంలోంచి నెలనెలా కోత ఉండొచ్చు, ఆ సైకిలు మీద వెళ్తే పన్ను లేని 23 సెంట్లు రావు. నీది ఏడాది కాంట్రాక్టు అనుకుంటున్నాను. అందుకే సంతకం పెట్టేముందు మీ హెచ్చార్‌ని అడుగు: మధ్యలో ఉద్యోగం మారినా, కాంట్రాక్టు పొడిగించకపోయినా మిగిలిన వాయిదాలు ఎవరు కట్టాలి, సైకిలు ఎంతకి కొనుక్కోవాలి? జవాబు నోటిమాటగా కాదు, మెయిల్‌లో తీసుకో. అది వచ్చాక నాకు పంపు, చూసి చెబుతాను.